ఫ్లూ గారికి సన్మాన పత్రం

మహారాజశ్రీ ఇన్‌ఫ్లుయెంజా గారి దివ్య సముఖమునకు, న్యూజెర్సీలోని ఐసెలిన్ ఓక్ ట్రీ రోడ్డు తెలుగు తల్లిదండ్రులు సవినయంగా సమర్పించుకునే సన్మాన పత్రం.

అయ్యా,

ఈ ఊళ్లో మేం శాలువా కప్పని భుజం లేదు. ఇండియా నుంచి సినిమా నిర్మాత వస్తే శాలువా, మాజీ ఎమ్మెల్యే వస్తే శాలువా, ఆయన వెంట షాపింగ్‌కి వచ్చిన బావమరిదికీ ఒక శాలువా, ఒక మెమెంటో. అలాంటిది, ఏటా అక్టోబరులో దిగి మార్చి దాకా మా ఇళ్లలోనే మకాం పెట్టే తమరికి ఇన్నేళ్లుగా ఒక్క పూలదండ వెయ్యలేదంటే మాకే సిగ్గుగా ఉంది. తమరికి వీసా స్టాంపింగ్ అక్కర్లేదు. నువార్క్ ఎయిర్‌పోర్టుకు కారు పంపక్కర్లేదు. సీజన్‌కో కొత్త వేషం కట్టుకుని తమంతట తామే వేంచేస్తారు. మా అమ్మానాన్నలూ వస్తే ఆరు నెలలే ఉంటారు, తమరూ ఆరు నెలలే. వాళ్లు వచ్చేటప్పుడు ఆవకాయ పట్టుకొస్తారు. తమరు వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్తారన్నది కాస్త ఆగి మనవి చేసుకుంటాం.

న్యూజెర్సీ తమరికి కొత్తేమీ కాదు. 1976 జనవరిలో, ఇక్కడికి కారులో గంట దూరంలో ఉన్న ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో పంది ఫ్లూ అవతారంలో దర్శనమిచ్చి ఒక కుర్ర సైనికుణ్ణి పొట్టన పెట్టుకున్నారు. దేశం హడలిపోయింది. ప్రెసిడెంట్ ఫోర్డ్ కెమెరాల ముందు చొక్కా చెయ్యి మడిచి టీకా వేయించుకున్నాడు. నాలుగు కోట్ల మందికి పైగా టీకాలు పడ్డాయి. తీరా చూస్తే తమరు శిబిరం గేటు దాటలేదు. టీకా వేయించుకున్నవాళ్లలో మాత్రం సుమారు లక్షకు ఒకరికి గులియన్-బారే అనే నరాల జబ్బు వచ్చింది. డిసెంబరుకల్లా ఆ కార్యక్రమం మూతపడింది. యాభై ఏళ్లుగా ఆ ఒక్క కథ నడుస్తూనే ఉంది. ఇప్పటికీ మా వాట్సాప్ గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ పువ్వుల మధ్య రెండు నెలలకోసారి ప్రత్యక్షమవుతుంది.

తమరి అసలు ఘనకార్యాలు మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. 2024-25 సీజన్‌లో అమెరికా మొత్తం మీద కనీసం 280 మంది పిల్లలు తమరి చేతుల్లో పోయారు. 2009-10 నాటి మహమ్మారి ఏడాదిని పక్కన పెడితే, పిల్లల మరణాలు లెక్క రాయడం మొదలైన 2004 నుంచి తమరి రికార్డు ఇదే. టీకా వయసు వచ్చి, వివరాలు తెలిసిన పిల్లల్లో పదింట తొమ్మిది మందికి ఆ ఏడాది టీకా పూర్తిగా పడలేదు. చాలామందికి అంతకుముందు చెప్పుకోదగ్గ జబ్బు ఏదీ లేదు కూడా. మామూలుగా ఇలాంటి అంకెలు చదివేటప్పుడు సభలో చప్పట్లు పడతాయి. ఇవాళెందుకో పడటం లేదు. కానివ్వండి.

తమరిని ఇక్కడ నిలువరించాలని చూసినవాళ్లు లేకపోలేదు. 2008 సెప్టెంబరు 1 నుంచి ఈ రాష్ట్రం ఒక రూలు తెచ్చింది, దేశంలోనే మొదటిసారిగా. ఆరో నెల నుంచి 59వ నెల దాకా పిల్లలు లైసెన్స్ ఉన్న డేకేర్‌కో ప్రీస్కూల్‌కో వెళ్లాలంటే ఏటా డిసెంబరు 31 లోపు ఫ్లూ టీకా కనీసం ఒక డోసు పడి ఉండాలి. పడలేదా, మార్చి 31 దాకా ఇంట్లో కూర్చోవాలి. ఆ ఏడాది అక్టోబరులోనే కొందరు తల్లిదండ్రులు రాష్ట్ర రాజధాని ట్రెంటన్ వెళ్లి ప్లకార్డులు పట్టుకున్నారు.

మేం ప్లకార్డులు పట్టుకోలేదు. కాలిక్యులేటర్ పట్టుకున్నాం. బిడ్డ మూడు నెలలు ఇంట్లో కూర్చున్నా డేకేర్ ఫీజు నెలనెలా కట్టాల్సిందేనని తేలగానే మాకు ప్రజారోగ్యం మీద అపారమైన గౌరవం పుట్టుకొచ్చింది. ఇప్పటికీ డిసెంబరు ఆఖరి వారంలో ఏ పీడియాట్రిషన్ ఆఫీసుకైనా వెళ్లి చూడండి. కౌంటర్ దగ్గర నిలబడ్డ తండ్రి ఈ టీకా ఎలా పనిచేస్తుందని అడగడు, రెండో డోసు కావాలా అనీ అడగడు. తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు మొదటిసారి వేయిస్తున్నప్పుడు నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు పడితేగానీ పూర్తి ఫలితం ఉండదు. అయినా ఆయన అడిగేది ఒక్కటే: "ఫారమ్ ఇవాళే ఇస్తారా?" రూలు ఒక్క డోసే అంది కదా, రెండోది దండగ.

ఆ రూలులోనే తమరికి రాజమార్గం కూడా వేసి పెట్టారు. బిడ్డకు అరవై నెలలు నిండిన రోజున తమరి మీద ఆంక్షలన్నీ తొలగిపోతాయి. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో క్లాసు దాకా పోలియోకు టీకా అడుగుతారు, మీజిల్స్‌కు అడుగుతారు, తమరి ఊసు ఎవరూ ఎత్తరు. నాలుగేళ్ల పదకొండు నెలలప్పుడు సమాజానికి ప్రమాదకారి అయిన ముక్కు, ఐదో పుట్టినరోజు కేకు కోసేసరికి సత్ప్రవర్తన కలిగిన ముక్కు అయిపోతుంది. మేమూ అంతే. రూలు ఆగిన ఏడాదే మా పరుగూ ఆగుతుంది. ఇన్సూరెన్స్ ఉన్న చాలామందికి ఈ టీకాకి చేతి డబ్బు పైసా పడదు. అదే మాకు ఇబ్బంది. ఊరికే ఇచ్చేదాని మీద మాకు నమ్మకం కుదరదు.

ఐదేళ్ల లోపు వాళ్లకూ దొడ్డిదారి ఉందండోయ్. టీకా మా మతాచారానికి అడ్డం అని తల్లిదండ్రులు ఒక కాగితం రాసిస్తే చాలు, ఏ శాస్త్రంలో ఉందని స్కూలు ఎదురు అడగడానికి వీల్లేదు. ఈ మినహాయింపు ఎత్తేద్దామని తెచ్చిన బిల్లు 2020 జనవరిలో ట్రెంటన్ సెనేట్‌లో ఓట్లు చాలక చతికిలపడింది. మాలో ఆ కాగితం రాసిచ్చిన భక్తులు ఎక్కడో ఒకరిద్దరు ఉండకపోరు. నాలుగు వేదాల్లో, పద్దెనిమిది పురాణాల్లో ఫ్లూ టీకా నిషేధం ఏ అధ్యాయంలో ఉందో వాళ్లే చెప్పాలి. మా ఊళ్లలో అమ్మవారు పోసిన ఇంటికి వేపమండలు కట్టేవాళ్లు. ఎంత దగ్గరి చుట్టమైనా వీధిలోంచే పలకరించి వెనక్కి తిరిగేవాడు. పోలేరమ్మకు జడిసి మేనమామను గుమ్మంలో ఆపగలిగిన జాతి, తమరి కోసం ఒక్క ప్లేడేట్ వాయిదా వెయ్యలేకపోతోంది.

ఆచారం సంగతి వచ్చింది కాబట్టి కోడిగుడ్డు దగ్గర కాసేపు ఆగాలి. ఫ్లూ టీకాలు చాలావరకు కోడిగుడ్లలో పెంచిన వైరస్‌తో తయారవుతాయి. "మేం ప్యూర్ వెజ్ అండీ," అంటుంది ఒక తల్లి. నిజమే, మొన్నటి బర్త్‌డే కేకు గోధుమపిండి దయవల్లే అంత పొంగింది. గుడ్డు అక్కర్లేని టీకా కూడా ఉందని డాక్టరమ్మ చెబితే మాట ముక్కులో చల్లే స్ప్రే మీదికి మళ్లుతుంది. అందులో జెలటిన్ ఉందట, అది పంది నుంచి తీస్తారట. అదీ నిజమే. అంత నిష్ఠ గల ఇంట్లో మైక్రోవేవ్ మీద ఇమ్యూనిటీ గమ్మీల సీసా ఉంటుంది. అవి అంత మెత్తగా సాగడానికి లోపల ఏముందో లేబుల్ తిప్పి చూసిన పాపాన ఎవరూ పోలేదు. ఇక ఫ్లూ రాకుండా పక్కింటావిడ సిఫారసు చేసిన హోమియో గుళికలు, ఆసిల్లోకాక్సినమ్. ఆ మందుకు మూలం బాతు కాలేయం, బాతు గుండె. అయితే దాన్ని నూటికి ఒకటి చొప్పున రెండువందల సార్లు పలచన చేస్తారు. డబ్బాలో బాతు ఆనవాలు కూడా మిగలదు కాబట్టి అది శుద్ధ శాకాహారం. మందు ఆనవాలూ మిగలదు కాబట్టి తమరికీ దానితో పేచీ లేదు.

ఇన్ని ఆటంకాలు తొలగించాక, తమరిని బడి దాకా దిగబెట్టే బాధ్యత మాది.

పొద్దున్న ఆరున్నర. పిల్లాడి ఒళ్లు పెనంలా కాలుతోంది. తల్లి నుదుటి మీద చెయ్యి వేసి తండ్రి వైపు చూస్తుంది. తండ్రి ఫోన్లో క్యాలెండర్ వైపు చూస్తాడు. తొమ్మిదింటికి స్టాండప్, పదింటికి క్లయింట్ డెమో. తల్లికి ప్రొడక్షన్ రిలీజ్. ఇద్దరూ మాటల్లేకుండానే ఒక ఒప్పందానికి వస్తారు. ద్రాక్ష రుచి టైలెనాల్ ప్లాస్టిక్ కప్పులో గీత దాకా పోస్తారు. ఎనిమిదింటికి చెమటపట్టి జ్వరం దిగుతుంది, థర్మామీటర్ 98.9 చూపిస్తుంది, పిల్లాడు బస్సెక్కుతాడు. "నర్స్ అడిగితే మందేశామని చెప్పకు, కన్నా!" అని వెనక నుంచి ఒక హితోపదేశం. సత్యహరిశ్చంద్రుడి కథ ఆదివారం తెలుగు బడిలో చెబుతారు కాబట్టి సోమవారం ఇబ్బంది లేదు.

టైలెనాల్ పనిచేసేది నాలుగు గంటలు, మహా అయితే ఆరు. కాబట్టి సరిగ్గా లంచ్ ముందు, డెమోలో మూడో స్లైడ్ మీద ఉండగా, స్కూలు నర్సు దగ్గర్నుంచి ఫోను. 102 ఉంది, వచ్చి తీసుకెళ్లండి. "అయ్యో! పొద్దున్న బాగానే ఉన్నాడే!" ఈ వాక్యం మా ఇళ్లలో అందరికీ నోటికి వచ్చు, పద్యాలకంటే బాగా. జ్వరం తగ్గించే మందు వెయ్యకుండానే 24 గంటల పాటు జ్వరం రాకపోతేనే బడికి పంపాలని స్కూలు హ్యాండ్‌బుక్కులు మొత్తుకుంటాయి. హ్యాండ్‌బుక్ అందిందని మేం సంతకం చేసిన మాట వాస్తవం. చదివామని అందులో ఎక్కడా లేదు.

ఈలోగా పిల్లాడు లంచ్ దాకా ఇరవై మందితో కలిసి కూర్చున్నాడు. తమరు ఒంట్లో జ్వరం చూపించడానికి ఒక రోజు ముందు నుంచే ఇతరులకు అంటుకోవడం మొదలుపెడతారు, ఆ తర్వాత అయిదారు రోజులు అంటుకుంటూనే ఉంటారు, పిల్లల్లోనైతే ఇంకాస్త ఎక్కువ. ఒసెల్టామివిర్ అనే మందు మొదటి 48 గంటల్లో పడితే బాగా పనిచేస్తుంది. ఆ 48 గంటలూ మేం సూట్‌కేసులో హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న అజిత్రోమైసిన్‌తో గడిపేస్తాం. అది బాక్టీరియాకు మందు, తమరు వైరస్. తమరి వైపు కన్నెత్తి కూడా చూడదు. దాని మర్యాద అది నిలుపుకుంటుంది.

ఇంత కష్టపడి బడికి ఎందుకు పంపుతామంటారా? హాజరు కోసం. ఈ రాష్ట్రంలో బడి ఉండేది ఏడాదికి 180 రోజులు. పదో వంతు, అంటే పద్దెనిమిది రోజులు మానేస్తే దీర్ఘకాలిక గైర్హాజరు జాబితాలో పేరెక్కుతుంది. ఆ జాబితా శాతం స్కూలు రిపోర్టులోకి ఎక్కుతుంది, స్కూలు రిపోర్టు ఇళ్ల ధరల్లోకి ఎక్కుతుంది. ఇంకో ముచ్చట వినండి. మతపరమైన పండుగకు మానేస్తే న్యూజెర్సీ చట్టం ప్రకారం పిల్లల అవార్డుకు భంగం రాకూడదు. ఆ పండుగల జాబితాలో దీపావళి కూడా ఉంది. కాబట్టి మతాబులు కాల్చడానికి మానేసిన పిల్లాడికి పర్‌ఫెక్ట్ అటెండెన్స్ సర్టిఫికెట్‌కు అడ్డు లేదు. 103 జ్వరంతో మంచం పట్టిన పిల్లాడికి అలాంటి రక్షణ ఏదీ లేదు. దగ్గుతూ అయినా రోజూ వచ్చి పాతికమందికి పంచిపెట్టినవాడు జూన్‌లో స్టేజీ ఎక్కి ఫోటో దిగుతాడు. ఆ ఫోటోలో తమరు కూడా ఉండాలి నిజానికి. ఆ పిల్లాడికంటే తమరి హాజరే ఎక్కువ.

ఇంటి దగ్గర ఉండి చూసుకోవడానికి సెలవు లేదంటారా? ఉంది, అదే మా విచిత్రం. 2018 అక్టోబరు 29 నుంచి ఈ రాష్ట్రంలో ప్రతి ముప్ఫై పనిగంటలకు ఒక గంట జీతంతో కూడిన సిక్ లీవు జమవుతుంది, ఏడాదికి నలభై గంటల దాకా. పిల్లల జబ్బుకూ వాడుకోవచ్చు, వాడుకున్నందుకు యజమాని కక్ష సాధించకూడదు. నలభై గంటలంటే అయిదు పనిరోజులు. తమరి జ్వరకాలం కొలత తీసి కుట్టించినట్టుంటుంది. కానీ కన్సల్టెన్సీ వాడి గొంతు గుర్తొస్తే చట్టం పేజీ మసకబారుతుంది. "బిల్లింగ్ ఆగుతుంది గురూ" అంటాడు. ఆ మూడు మాటలకు, వాటి వెనక వినపడకుండా ఉండే హెచ్‌-1బి వీసా అన్న మాటకు, రాష్ట్ర శాసనసభ మొత్తం ఒక్కటై నిలబడ్డా సరితూగదు. ఇక్కడ మాత్రం మాకు నవ్వు రావడం లేదు, క్షమించాలి. భయపడేవాణ్ణి బద్ధకస్తుడని తిట్టడం తేలిక. ఉద్యోగం పోయాక అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాలన్న లెక్క నెత్తిమీద ఉన్నవాడు థర్మామీటర్‌ను కూడా అప్పులవాడిలా చూస్తాడు.

కానీ గ్రీన్ కార్డులు, పౌరసత్వాలు వచ్చి, రెండిళ్లు కొని, ఇంట్లోంచే పనిచేసే పెద్దమనుషులు కూడా పిల్లాణ్ణి టైలెనాల్ మీద నడిపిస్తున్నారే, వాళ్ల కోసమే ఈ శాలువా.

ఇక సంక్రాంతి. జనవరి నడిమధ్యలో, తమరు మంచి ఊపు మీద ఉండే వారాల్లో, మేం ఒక హైస్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుని ఊరి పిల్లలందరినీ తలుపులు మూసిన ఒకే గదిలో పోగేస్తాం. ఇంతకంటే ఘనమైన ఆతిథ్యం తమరికి ఎక్కడ దొరుకుతుంది? బడికి పంపని పిల్లాణ్ణి కూడా ఇక్కడికి తెస్తాం, ఎందుకంటే కాస్ట్యూమ్‌కి డబ్బు కట్టేశాం. ఫ్యాన్సీ డ్రెస్ పోటీలో పదకొండు మంది కృష్ణులు. వేణువు మాత్రం ఒక్కటే, నిర్వాహకురాలి బ్యాగులోది, నెమలి పింఛం గుచ్చిన బంగారు రంగు ప్లాస్టిక్ పిల్లనగ్రోవి. మొదటి కృష్ణుడు పెదాలకు ఆనించి ఊదాడు, రెండుసార్లు తుమ్మి దిగాడు. తెర పక్కన ఆంటీ దాన్ని లాక్కుని తన పట్టుచీర కొంగుతో ఒక్క తుడుపు తుడిచి రెండో కృష్ణుడి చేతిలో పెట్టింది. ప్లాస్టిక్ మీద తమరు ఒక రోజు పైగా బతికి ఉండగలరు, అక్కడ తమరికి అర నిమిషం చాలు. మూడో కృష్ణుడి ముక్కు కిందికి కారి, నీలం రంగులో కాలువ కట్టింది. జడ్జీలు అది యమునా నది అనుకుని మార్కులు వేశారు. పదకొండో కృష్ణుడికి ప్రథమ బహుమతి వచ్చింది. బహుమతిలో ఆ పది మంది ఇచ్చినదీ కలిసే ఉంది. తర్వాత భోగిపళ్లు. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, పెద్దలందరూ క్యూలో వచ్చి ఒక్కొక్కరి నెత్తిన దిష్టి తీసి పోశారు. దిష్టి పోయిందో లేదో గానీ, ఆ వారం ఓక్ ట్రీ రోడ్డు మందుల షాపుల్లో దగ్గు సిరప్ అరలు ఖాళీ.

తమరికి గతంలో జరిగిన అవమానాలు కూడా ఈ సందర్భంగా తలచుకోవడం ధర్మం. పశ్చిమ కెనడాలో హటరైట్లు అని ఊళ్లకు దూరంగా ఉమ్మడి సేద్యం చేసుకుని బతికే ఒక క్రైస్తవ సమాజం ఉంది. వాళ్ల కాలనీలు కొన్నింటిలో పిల్లలకు ఫ్లూ టీకా వేశారు, మిగతా వాటిలో పిల్లలకు వేరే జబ్బు టీకా వేశారు. 2010లో అచ్చయిన ఫలితం చూస్తే, పిల్లలకు ఫ్లూ టీకా పడిన కాలనీల్లో ఆ టీకా వేయించుకోనివాళ్లకు కూడా 61 శాతం రక్షణ దొరికింది. జపాన్‌వాళ్లు అంతకంటే అన్యాయం చేశారు. 1962 నుంచి బడిపిల్లలకు టీకాలు వేస్తూ పోయారు. 1987లో తల్లిదండ్రులు వద్దంటే మానుకోవచ్చని సడలించారు, 1994కల్లా మొత్తం ఎత్తేశారు. పిల్లలకు టీకాలు పడినన్నాళ్లూ అక్కడ ముసలివాళ్ల చావులు తగ్గాయి, ఆపేశాక మళ్లీ పెరిగాయి. ఏటా 37 వేల నుంచి 49 వేల మరణాలు తప్పాయని, సుమారు 420 మంది పిల్లలకు టీకా వేస్తే ఒక ప్రాణం నిలిచిందని 2001లో ఒక అంచనా వెలువడింది. నిలిచిన ప్రాణాలు చాలావరకు ఆ పిల్లలవి కావు, వాళ్ల తాతలవి, బామ్మలవి.

తమరు వెళ్లేటప్పుడు ఏం పట్టుకెళ్తారని మొదట అన్నాం, అది ఇదే. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమ్మమ్మ వస్తుంది. డెబ్బై రెండేళ్లు, షుగరు, బీపీ, కళ్లజోడు తాడుకు కట్టుకున్న ఇంటి తాళంచెవి. మధ్యాహ్నం నర్సు గదిలోంచి మనవణ్ణి తెచ్చి ఎక్కడ వదులుతాం? ఆవిడ ఒళ్లో. డెమో మిగిలి ఉంది మరి. వాడు ఆవిడ మెడలో తల దూర్చి దగ్గుతాడు, ఆవిడ తన కొంగుతోనే వాడి ముక్కు తుడిచి, అదే చేత్తో పెరుగన్నం కలిపి పెడుతుంది. నాలుగో రోజున ఆవిడకు ఆయాసం. ఎమర్జెన్సీకి వెళ్తూ దారిలో, టికెట్టుతో పాటు కొన్న విజిటర్ ఇన్సూరెన్స్ పేపర్లు మొదటిసారి తెరుస్తాం. పాలసీ కొనేనాటికే ఉన్న జబ్బులు వర్తించవు అని మూడో పేజీలో ఉంటుంది. షుగరు కిందికి అన్నీ వస్తాయి. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన చేతుల బొమ్మలు వరసగా పడతాయి, మధ్యలో ఎవరో ఫోర్ట్ డిక్స్ కథ మళ్లీ పెడతారు.

అయ్యా, ఇన్ని సేవలు అందుకున్న తమరికి "శిశు బాంధవ" బిరుదు ఇవ్వాలని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. సభ ఈ శనివారం సాయంత్రం, అదే ఆడిటోరియంలో. హాలు చల్లగా ఉంటుంది కాబట్టి కిటికీలు, తలుపులు అన్నీ మూసి ఉంచబడును. ముందు వరస సీట్లు పెద్దలకు, పసిపిల్లల తల్లులకు కేటాయించడమైనది. సభానంతరం పాట్‌లక్ భోజనాలు, గరిటెలు ఎవరివి వాళ్లు తేనక్కర్లేదు. నాటికలో వేషం ఉన్న పిల్లలకు జ్వరమొస్తే తల్లిదండ్రులు కంగారుపడి ఫోన్లు చెయ్యవద్దు. టైలెనాల్ అయిదింటికి వేస్తే నాటిక అయ్యేదాకా పనిచేస్తుంది.